భూతకాలం ఏడోవారంలో

మొదటి ఆరు వారాలూ మాకు
వర్తమానం ఒక్కటే ఇచ్చారు,
రేషన్ షాపులో లాగా.

పెరూజాలో, మూడో అంతస్తులో,
కిటికీ సరిగా పడని గదిలో
పదకొండు మందిమి.
గొంతు పాడవుతుందని మఫ్లర్ విప్పని కొరియా పాటగాడు,
ఎవరింట్లోనో ముసలాయనకి స్నానం చేయించి
పరుగున వచ్చే జార్జియా దేశపు ఎతేరి,
రిటైరైన స్వీడన్ పోస్ట్‌మాన్ తూరె.

తూరె నాలిక మీద ఒత్తు నిలవదు.
అన్నో అంటే ఏడాది.
ఒత్తు జారిందా, మనం కూర్చునే చోటు.
"నాకు అరవై ఎనిమిది..." అని అతను మొదలెట్టగానే
లుడోవికా టీచర్ బోర్డు వైపు తిరిగిపోతుంది,
భుజాలు మాత్రం ఊగుతుంటాయి.
అన్నం, గుగ్గిళ్ళు, బొబ్బట్లు తిని పెరిగిన నోరు నాది.
ఒత్తు దగ్గర నేనే రాణిని.
తక్కిన చోటల్లా బిచ్చగత్తెని.

బల్ల మగవాడట. కుర్చీ ఆడదట.
చెయ్యి, మగపిల్లాడిలా కనబడే ఆడపిల్లట.
ఇంట్లో సామానంతటినీ "అది" అనే ఒక్క మాటతో
సరిపెట్టుకున్నదాన్ని,
చెంచా అడగాలన్నా ఇప్పుడు
దాని పుట్టుక విచారించాలి.

నేను అద్దెకున్నది నజ్జరేనా ఇంట్లో.
ఆమె రొట్టెలో ఉప్పుండదు.
ఆ ఊళ్ళో ఎవరి రొట్టెలోనూ ఉండదు.
మొదటి రాత్రి ఆ చప్పిడి ముక్క నములుతూ
నాకున్న నలభై మాటల్లోంచి ఏరి అడిగాను:
ఈ బూట్లు ఎవరివి?
"ఎల్వియోవి. నా భర్త."
ఎక్కడ ఉన్నాడు?
ఆమె నా మొహంలోకి చూసింది.
పసిపిల్లకి ముద్ద మెదిపి పెట్టినట్టు
మాట మెదిపి పెట్టింది:
"పైన. కొండ మీద. ఆలివ్ చెట్ల పక్కన."
ఏం చేస్తాడు?
"నిద్ర ఎక్కువ," అని నవ్వింది.

ఆనాటి నుంచీ భోజనాల దగ్గర ఎల్వియోయే.
ఎల్వియోకి ఉల్లిపాయ పడదు.
ఎల్వియో పేకాటలో దొంగాట ఆడతాడు.
ఎల్వియో ఈల వేస్తాడు, శ్రుతి ఉండదు.
ఒక్కో వాక్యం నోట్‌బుక్‌లో ఎక్కించుకుని
మర్నాడు క్లాసులో అప్పజెప్పేదాన్ని.
"మంచి క్రియలు," అని మెచ్చుకునేది లుడోవికా.

అక్టోబరు ఆఖర్న అంగళ్ళ నిండా చామంతులు.
పసుపువీ తెల్లవీ, బకెట్లు బకెట్లు.
మాకు గుమ్మానికి కట్టుకునే పువ్వు.
బేరమాడకుండా ఒక గుత్తి కొని
ఆమె చేతిలో పెట్టాను.
నజ్జరేనా చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, "ఎల్వియోకి ఇస్తాను," అంది.
నాకెంత సంతోషమో!

ఏడోవారం, సోమవారం,
భూతకాలం వచ్చింది.
కొన్ని క్రియలకి "కలిగి ఉండటం" తోడొస్తుంది:
తినడం, కొనడం, వినడం.
కొన్నిటికి "ఉండటం":
వెళ్ళడం, రావడం, పుట్టడం.
సుద్దముక్క విరిగింది.
ఇంకోటి తీసుకుని రాసింది: చనిపోవడం.

చనిపోయినవాడికైనా సరే
ముందు "ఉన్నాడు" అని రాసి
ఆ తర్వాతే రెండో మాట రాయాలి
ఈ భాషలో.

"ఉదాహరణకి," అంటూ క్యాలెండర్ మీద
నవంబరు రెండో తేదీ చూపించింది టీచర్.
"ఆ రోజు అందరం సమాధుల దగ్గరికి వెళ్ళాం.
చామంతులు పట్టుకెళ్ళాం."

పడని కిటికీలోంచి గాలి.
ఎతేరి నా మోచెయ్యి పట్టుకుంది,
తనకేం అర్థమైందో.

ఆ రాత్రి అలచందల సూపు.
నా నోట్లో కొత్త కాలం సిద్ధంగా ఉంది,
సహాయక్రియతో సహా.
గుమ్మం దగ్గర బూట్లు.
అడుగున మట్టి ఎండి బీటలు వారింది.
పైన దుమ్ము మాత్రం రోజూ ఎవరో తుడుస్తున్నారు.

"ఇవాళ ఏం నేర్చుకుంటావు?" అడిగింది నజ్జరేనా,
నా కోసం
ఇంకా వర్తమానంలోనే.

"ఏమీ లేదు," అన్నాను. "కష్టం."
రొట్టెబుట్ట ఆమె వైపు జరిపి,
తప్పు పోకుండా, నెమ్మదిగా అడిగాను:
ఎల్వియోకి చామంతులు ఇష్టమేనా?

ఆమె కత్తి కింద పెట్టింది.

"ఈల వేస్తాడు," అంది.